తప్పంతా కత్తిదే

మా మావయ్య మొహం మీద కాగితం ముక్క లేని పొద్దు నేను చూడలేదు. పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి, మేం కాఫీలు తాగే వేళకి వీధి మలుపు తిరిగి ఇంటికి వచ్చేవాడు. గడ్డం మీద ఒకటి, దవడ కింద ఒకటి, ఒక్కోసారి ముక్కు కింద ఇంకొకటి, రక్తం ఆగడానికి అంటించుకున్న న్యూస్ పేపర్ ముక్కలు. అక్కడక్కడ తెగకుండా మిగిలిన వెంట్రుకలు, కోత అయిపోయిన చేలో దుబ్బుల్లా నిలబడి ఉండేవి. ఎదురైన ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"ఇవాళ ఏ కత్తి?"

ఆయన ఏమాత్రం సిగ్గుపడేవాడు కాదు. "ఇవాళ నెమలి ముద్ర. కొమ్ము పిడి. ఉక్కు మంచిదే, బుద్ధే మంచిది కాదు" అని చెప్పి, కాగితం ఊడిపోకుండా వేలితో నొక్కుకుంటూ సాగిపోయేవాడు.

పాత మంగలికత్తులు పోగెయ్యడం, ఏది ఎక్కడిదో ఎప్పటిదో తేల్చడం, ఇదీ ఆయన పిచ్చి. తేల్చినదాన్ని సొంత మొహం మీద పరీక్షించుకుంటాడని ఊరంతా అనుకునేది. పిచ్చివాళ్ళతో నాకెప్పుడూ పేచీ లేదు. పిచ్చి లేదనుకునేవాళ్ళతోనే పడదు. అటువంటివాళ్ళలో మొదటివాడు మా నాన్న. ఒకనాడు మావయ్య డ్యూటీకి వెళ్ళిన సమయం చూసి, నాన్న ఆ కత్తుల పెట్టె ఎత్తి, పాత సామాను కొనేవాడికి ఇనుము కింద తూకానికి ఇచ్చేశాడు.

సాయంత్రం వచ్చిన మావయ్య, మంచం కింద పెట్టె ఉండే జాగా వంగి చూశాడు. అరుస్తాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. నాన్నని నాలుగు దులుపుతాడేమోనని ఆశ కూడా పడ్డాను. ఆయన మెల్లిగా లేచి, మోకాళ్ళు దులుపుకుని, "బావా, రేపు పొద్దుటికి ఒక్కటైనా ఉంచావా?" అన్నాడు.

"ఒక్కటీ లేదు. పీడా పోయింది."

"ఏ మూలైనా? విరిగిందైనా ఫరవాలేదు."

నాన్న నా వైపు తిరిగి, "చూశావా, ఎంత ముదిరిందో!" అన్నాడు.

ఆ ప్రశ్న ఎందుకడిగాడో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. అది తెలియాలంటే ముందు ఆ పెట్టె ఎలా నిండిందో, ఎందుకు పోయిందో చెప్పాలి.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. మా మేడమీద గదిలో ఉండేవాడు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూడడం ఆయన ఉద్యోగం. కత్తుల పిచ్చి ఉన్నవాడికి ఇంతకన్నా గొప్ప ఉద్యోగం ఎవరూ ఇవ్వలేరు. ఊళ్ళో ఏ ఇంటి పెరట్లోకైనా అడగకుండా వెళ్ళొచ్చు. ఏ ఇంటి అటక మీద ఏ ముత్తాత కత్తి తుప్పు పడుతోందో మీటరు ముల్లు కన్నా కచ్చితంగా ఆయనకి తెలిసేది.

అడిగే తీరే కాస్త భయంకరంగా ఉండేది. కొత్తగా అద్దెకి దిగిన ఒకావిడ ఇంటికి వెళ్ళాడట. మీటరు చూశాడు. వెళ్ళిపోయేవాడు గుమ్మంలో ఆగాడు.

"అమ్మా, ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు. ఎందుకు?"

"ఏం లేదు. పాత కత్తులేమైనా ఉన్నాయేమోనని."

సరిగ్గా అప్పుడే దవడ మీది కాగితం ఊడి కింద పడింది. సన్నటి రక్తపు చార చొక్కా కాలరు దాకా దిగింది. ఆవిడ వేసిన కేకకి పక్క వీధి వాళ్ళు కూడా కర్రలతో వచ్చారు. మావయ్యని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. మేం విడిపించుకురావడానికి బయల్దేరేలోపే ఆయనే తిరిగొచ్చాడు, చేతిలో ఇన్‌స్పెక్టరుగారి తాతగారి కత్తితో.

"అదేంటి మావయ్యా?"

"పాపం, ఆయనింట్లో దాంతో సబ్బు ముక్కలు కోస్తున్నార్రా!" అన్నాడు, నేరమంటే అదీ అన్నట్టు.

కత్తిని గుర్తుపట్టడానికి ఆయనకొక పద్ధతుండేది. ముందు తెరిచి, బొటనవేలి గోటితో అంచుని తాకీ తాకనట్టు మీటేవాడు. టింగ్. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు చచ్చిపోయేదాకా వినేవాడు. పల్చగా లోపలికి దొలిచిన కత్తయితే పాడుతుందట, మందపు కత్తయితే మూలుగుతుందట. తర్వాత పిడిని పంట్లాం మీద గబగబా రుద్ది వాసన చూసేవాడు. చివరికి తోక దగ్గర కొట్టిన ముద్ర. ఇవన్నీ అయ్యాక, నాడి చూసిన డాక్టరులా తీర్పు చెప్పేవాడు. "తండ్రి వాడాడు, కొడుకు పాడు చేశాడు. కొడుకుది ఎడమచేతి వాటం."

అలవాటు ముదిరి, దొరికిన ప్రతిదాన్నీ మీటడం మొదలుపెట్టాడు. అమ్మ అట్లకాడని మీటాడు. నా సైకిలు చువ్వల్ని మీటాడు. ఒకసారి బస్సులో ముందు సీటు పెద్దమనిషి కళ్ళజోడు మీటి తిట్లు తిన్నాడు. మొహాలు ఆయనకి గుర్తుండేవి కావు, గడ్డాలే గుర్తుండేవి. "ఫలానా ఆయన పోయారు" అంటే ఎవరో తెలిసేది కాదు. "చుబుకం మీద సొట్ట ఉండేదే" అంటే, "అయ్యో! నున్నటి మనిషి!" అని బాధపడేవాడు.

ఊళ్ళో ఆయనకి సాటి ఒక్కరే ఉండేవారు, పళ్ళ డాక్టరు. ఆయన కూడా కత్తులు కొనేవారు, కాకపోతే అందం చూసి. గాజు బీరువాలో మఖ్మలు గుడ్డ మీద వరసగా పరిచి, తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకునేవారు. ఒక ఆదివారం మావయ్యని పిలిచి, కొత్తగా తెప్పించిన దంతపు పిడి కత్తుల జత చూపించారు. నేనూ పక్కనే ఉన్నాను.

మావయ్య ఒకటి తీసి పంట్లాం మీద రుద్దాడు. వాసన చూశాడు. మళ్ళీ రుద్దాడు.

"ఏమంటారు? అసలు ఏనుగు దంతం" అన్నారు డాక్టరుగారు.

"డాక్టరుగారూ, మీ ఏనుగు కర్పూరం తినేదా?"

"అంటే?"

"ఇది దంతం కాదు. కర్పూరం కలిపి చేసిన పాతకాలపు బొమ్మల సరుకు, సెల్యులాయిడ్. రేపోమాపో కుళ్ళుతుంది. కుళ్ళితే పక్కనున్న కత్తులకీ తుప్పెక్కిస్తుంది. వెంటనే బీరువాలోంచి తీసేయండి."

మంచి మాటే చెప్పాడు. కానీ బయట బెంచీ మీద బుగ్గలు పట్టుకుని కూర్చున్న పేషెంట్లందరికీ వినబడేలా చెప్పాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే, ప్రతి ఆదివారం మావయ్య అక్కడికి వెళ్ళేవాడు, ఇద్దరూ చెరో కత్తి తెరిచి పట్టుకుని పోట్లాడుకునేవారు. అది చూసి ఒక పేషెంటు పన్ను నొప్పి తగ్గిపోయిందని చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

ఒక్క కత్తి దగ్గర మాత్రం పోట్లాట ఆగేది. డాక్టరుగారి బీరువాలో మధ్యన ఉండేది, రెండు చేపల ముద్ర కత్తి. ఒక చేప తోక ఇంకో చేప నోట్లో ఉన్నట్టు చెక్కిన ముద్ర. దాన్ని ముట్టుకోబోయే ముందు మావయ్య పేషెంట్లు పుక్కిలించే తొట్టి దగ్గర చేతులు కడుక్కునేవాడు. మీటితే టింగ్ అనేది కాదు, గుడి లేని చోట గంట మోగినట్టుండేది. అది మోగినంతసేపూ ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. ఆగిపోయాక, "కత్తంటే అదీ" అని మావయ్యా, "అది మాత్రం ఒప్పుకుంటారు" అని డాక్టరుగారూ అని, మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఇక పెట్టె పోవడానికి కారణం నాన్న ఆఫీసరు. నాన్న ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. పై కుర్చీ ఖాళీ అయింది. అందుకని ఆఫీసరుగారిని ఇంటికి టీకి పిలిచారు. నన్ను, గడ్డం మాసిన నిరుద్యోగిని కాబట్టి, పెరట్లో ఉండమన్నారు. మావయ్యని మేడ దిగొద్దన్నారు. మావయ్య కప్పు చప్పుడు వినగానే దిగాడు.

దిగి, ఆఫీసరుగారి గడ్డం వైపు తదేకంగా చూశాడు.

"ఏమిటండీ అలా చూస్తున్నారు?"

"మీరు కుడి దవడ నుంచి మొదలుపెడతారు సార్. ఎడమ దవడ దగ్గరకొచ్చేసరికి మీకు విసుగొస్తుంది."

ఆఫీసరుగారు ఎడమ దవడ తడుముకున్నారు. గరుగ్గా తగిలింది. "భలే కనిపెట్టారే!"

"పని మొదలెట్టి వదిలేసేవాళ్ళందరిదీ ఇంతే సార్."

నాన్న గబగబా బిస్కెట్ల ప్లేటు ఆఫీసరుగారి ముందుకి తోశాడు. మావయ్య అక్కడితో ఆగినా బాగుండేది. "ఒక్క నిమిషం కూర్చోండి, మీ చేతికి సరిపోయే కత్తి ఒకటుంది" అని పైకి పరిగెత్తాడు. తెరిచిన కత్తి పైకెత్తి పట్టుకుని, మెట్ల మీద దడదడా దిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆఫీసరుగారు బూట్లు తొడుక్కోలేదు. చంకలో పెట్టుకుని వెళ్ళారు.

మర్నాడు నాన్న పెట్టె అమ్మేశాడు.

పెట్టె పోయిందని తెలిసిన సాయంత్రమే మావయ్యా నేనూ పాత సామాను కొట్టుకి పరిగెత్తాం. ఆ కొట్టతను నాకు బాగా తెలుసు. నేను చదివిన పుస్తకాలన్నీ అతని తక్కెట్లోంచి వచ్చినవే. చదువుకున్నవాళ్ళందరూ ఏదో ఒకరోజు తమ చదువుని అతనికే అమ్ముకుంటారు.

"లారీ వెళ్ళిపోయింది బాబూ. ఈపాటికి కొలిమి చేరుంటుంది" అన్నాడతను.

"ఒక్కటీ జారి పడలేదా?" మావయ్య తక్కెడ కిందికి వంగి చూశాడు.

"జారే వీలేది! మీ బావగారు దగ్గరుండి ఎక్కించారు."

దారిలో నేను నాన్నని అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అన్నాను. మావయ్య వినిపించుకోలేదు. "మీ నాన్నని తీరిగ్గా తిట్టుకుందాంలే. ముందు రేపటి మాట చూడనీ" అన్నాడు.

"రేపేముంది మావయ్యా?"

"రేపు పొద్దున్న ఉంది."

అని, నేను కలలో కూడా ఊహించని వైపు నడిచాడు. పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రికి.

డాక్టరుగారు ఒకాయన నోట్లో అద్దం పెట్టి చూస్తున్నారు. మావయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, ఒక కత్తి కావాలి. ఒక్క పూటకి. చేతిబదులుగా."

డాక్టరుగారు తల తిప్పలేదు. "నావన్నీ కర్పూరం తిన్న ఏనుగులవి కదా?"

"అన్నాను. తప్పే."

"కాస్త గట్టిగా. మా పేషెంటుకి వినపడలేదు."

"తప్పే!" అని మావయ్య అరిచాడు. నోరు తెరుచుకుని పడుకున్నాయన తలూపాడు.

గెలిచినవాడి మంచితనం మహా ప్రమాదం. డాక్టరుగారు మెళ్ళోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచి, సరిగ్గా మధ్యలో చెయ్యి పెట్టారు.

"అది వద్దు!" మావయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "మీ దగ్గరున్నవాటిలో చెత్తది ఏదైనా ఇవ్వండి. పనికిమాలినది."

"నా దగ్గర పనికిమాలినది లేదు" అని డాక్టరుగారు రెండు చేపల కత్తిని ఆయన చేతిలో పెట్టారు. "మీ జన్మకొక్కసారి వాడుకోండి. ఎవరిచ్చారని అడిగితే చెప్పండి."

ఆ రాత్రి డాక్టరుగారికి నిద్ర పట్టలేదట. పొద్దు పొడుస్తుండగానే, గళ్ళ పైజమాతో, కత్తి వెనక్కి తీసుకుందామని మా ఇంటికొచ్చారు. నేనే తలుపు తీశాను. మావయ్య పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గాజు గ్లాసు బోర్లించి ఉంది. ఆ గ్లాసు అడుగున ఉండే గరుకు అంచు మీద రెండు చేపల కత్తి అంచుని అటూ ఇటూ గీస్తున్నాడు. గరగరమని పళ్ళు జివ్వుమనే చప్పుడు. కత్తి పదును చంపేస్తున్నాడు! ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం ఆగడం లేదు.

డాక్టరుగారు వేసిన కేక ఏ పేషెంటూ వేసుండడు.

మావయ్య తలెత్తి చూశాడు. సూర్యుణ్ణి చూశాడు. "డాక్టరుగారూ, ఇప్పటికే ఆలస్యమైంది. వచ్చాక తిట్టండి" అని, పెరటి గోడ దూకి పరుగు లంకించుకున్నాడు.

ఆయన వెనక డాక్టరుగారు, డాక్టరుగారి వెనక నేను. ముందు నిన్నటి కాగితం ముక్కల మొహంతో తెరిచిన కత్తి పట్టుకున్న మనిషి, వెనక పైజమా బొందు ఒక చేత్తో పట్టుకుని "పట్టుకోండి! చంపేశాడు! చంపేశాడు!" అని అరుస్తున్న మరో మనిషి. పాల సైకిలు కాలవలోకి దిగింది. వీధి ఊడుస్తున్న ఆమె చీపురు అడ్డంగా పెట్టుకుని గోడకి అంటుకుపోయింది. మలుపు దగ్గర కానిస్టేబులు మాత్రం కదల్లేదు.

"ఇవాళ ఏ కత్తి?" అన్నాడు.

"రెండు చేపలు!" అని పరిగెడుతూనే జవాబు చెప్పాడు మావయ్య.

వెళ్ళి వెళ్ళి బజారు చివర ఒక సెలూన్‌లో దూరాడు. అద్దాలూ, గిర్రున తిరిగే కుర్చీలూ ఉన్న సెలూన్ అది. యజమాని ఇంకా రాలేదు. ఒక మూల, దేనికీ సరిపోని పాత ఇనుప కుర్చీ ఒకటుంది. దాని పక్కన, తెల్ల చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకున్న ఒక తాత, నురుగు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రా బాబూ. రావేమో అనుకున్నా. ఇవాళ ఏ కత్తి?" అన్నాడు తాత.

"రెండు చేపలు తాతా. పేరు మోసినది" అంటూ మావయ్య రొప్పుతూ కుర్చీలో కూర్చున్నాడు.

"వాకిట్లో ఎవరు? మసగ్గా ఉంది."

"మావాళ్ళే. పరీక్ష చూడ్డానికొచ్చారు."

తాత మావయ్య మొహానికి నురుగు రాశాడు. కొంత చెవికీ పడింది. తర్వాత కత్తి అందుకున్నాడు. అప్పుడు చూశాం, డాక్టరుగారూ నేనూ. తాత కుడి చెయ్యి, గాలికి ఊగే కొమ్మ చివర ఆకులా వణుకుతోంది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, కత్తిని మావయ్య దవడ మీద దించాడు. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. కుర్చీ చేతులు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. మొహం మాత్రం హాయిగా పెట్టుకున్నాడు.

నురుగులో ఎర్రటి గీత తేలింది.

"తెగిందా?" అన్నాడు తాత. చెయ్యి వైపు చూసుకోబోయాడు.

"కత్తి తాతా, కత్తి! నేనప్పుడే అనుకున్నాను. పేరు గొప్ప, బుద్ధి వంకర" అన్నాడు మావయ్య గబగబా.

తాత చూపు చెయ్యి మీంచి కత్తి మీదికి మళ్ళింది. "మరే! చేపలకి గడ్డం సంగతేం తెలుసు? ఎవరు చేశారో గానీ, చేతకానివాడు."

నా పక్కన డాక్టరుగారు నోరు తెరిచారు. ఆయన ప్రాణమది. దాన్ని చేతకానివాడు చేశాడంటే ఊరుకునే మనిషి కాదు. కానీ ఆయన తాత చేతినే చూస్తున్నారు. చూస్తూ చూస్తూ, పళ్ళు పీకే తన కుడి చేతిని నెమ్మదిగా పైజమా జేబులో పెట్టుకున్నారు.

తాత వేణ్ణీళ్ళకని వెనక గదిలోకి వెళ్ళగానే మావయ్య నురుగు మొహంతోనే మా దగ్గరికొచ్చాడు.

"తిట్టండి డాక్టరుగారూ. కానీ మెల్లిగా."

"పదును ఎందుకు తీశావయ్యా?"

"పదునుంటే గొంతు దాకా వెళ్తుంది. ఇలాగైతే తోలుతో ఊరుకుంటుంది."

"అసలు ఇదంతా ఏమిటి?"

"ఈ సెలూన్ ఆయన కొడుకుది. ఆ ఇనుప కుర్చీ తీసేసి, తలలు కడిగే తొట్టి పెడతానంటాడు. రోజూ ఒక్క మనిషైనా కూర్చుంటే తియ్యనన్నాడు. ఆ కుర్చీ పక్కన నిలబడకపోతే తాత బతకడు. నేను కూర్చుంటున్నాను. మొదట్లో ఆయన కత్తితోనే గీసేవాడు. తెగింది. ఇంకోదానితో తెగింది. ఒకరోజు కత్తి పక్కన పెట్టి చెయ్యి చూసుకోవడం మొదలెట్టాడు. చాలాసేపు చూసుకున్నాడు. నాకు భయమేసి, ఇప్పటి ఉక్కు మంచిది కాదు తాతా, రేపు నేనొక పాత కత్తి తెస్తాను అనేశాను. అలా మొదలైంది. ఒకే కత్తి రోజూ తెస్తే నమ్మడు కదా. ఎన్ని కోతలకి అన్ని కత్తులు కావాలి."

అంటే ఇన్నాళ్ళూ మా మేడమీద మంచం కింద దాచింది కత్తులు కాదు, సాకులు. మా నాన్న ఇనుము కింద తూచి అమ్మింది వాటిని.

"మరి నీకు నువ్వే కోసుకుంటావని ఊరంతా చెప్పావే!" అన్నాను.

"నేనెప్పుడు చెప్పానురా? ఏ కత్తి అని అడుగుతారు, ఫలానా కత్తి అని చెప్తాను. ఎవరి చెయ్యి అని ఒక్కడూ అడగలేదు."

"మరి ఆ టింగ్ టింగులూ, వాసనలూ?"

మావయ్య సిగ్గుపడ్డాడు. "అది అసలు పిచ్చేరా. మధ్యలో పట్టుకుంది."

తాత వేణ్ణీళ్ళతో తిరిగొచ్చాడు. డాక్టరుగారు గొంతు సవరించుకుని, ఊళ్ళో ఇంత పెద్ద పేరున్న మనిషి, గళ్ళ పైజమాతో వెళ్ళి ఆ ఇనుప కుర్చీ పక్కన నిలబడ్డారు.

"తాతగారూ, మీరన్నది నిజం. ఆ చేపల కత్తి మొదట్నుంచీ అంతే. నా దగ్గర ఇంకా బీరువా నిండా ఉన్నాయి. అన్నీ మీరే పరీక్షించి పెట్టాలి."

"బీరువా నిండానా!" తాత నిటారుగా నిలబడ్డాడు. "అయితే ఇప్పట్లో నాకు తీరిక లేనట్టే. కూర్చోండి."

ఆ పూట ఆసుపత్రికొచ్చిన పేషెంట్లు డాక్టరుగారి గడ్డం మీద మూడు చోట్ల కాగితాలు చూసి, తమ నొప్పులు మర్చిపోయి, "ఏమిటండీ ఇదీ?" అని అడిగారట. "రెండు చేపల ముద్ర. నెమలి ముద్రకి అన్నగారు. వట్టి దుర్మార్గం" అన్నారట ఆయన.

ఇంటికొచ్చి సంగతంతా అమ్మకి చెప్పాను, నాన్నకి వినపడేలా. అమ్మ వెళ్ళి నాన్న కంచంలో వడ్డించి, ఎదురుగా కూర్చుని, తినడం అయ్యేదాకా ఆయన్ని అలా చూస్తూ కూర్చుంది. మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. పాత సామాను కొట్టతను తర్వాత నాతో చెప్పాడు, "మీ నాన్నగారొచ్చి, పాత గడ్డం కత్తులేవైనా వస్తే కొలిమికి పంపొద్దు, ముందు నాకు కబురు చెయ్యి అన్నారు బాబూ. తూకానికి కాదట, అడిగిన రేటుకేనట. ఒంట్లో బాగానే ఉందా ఆయనకి?"

అంతటితో ఆగలేదు. ఒక ఆదివారం పొద్దున నాన్న ఎక్కడికో వెళ్ళొచ్చి, గబగబా గదిలోకి దూరబోతుంటే పట్టుకున్నాను. చుబుకం మీద కాగితం ముక్క.

"ఇవాళ ఏ కత్తి నాన్నా?"

"నోర్ముయ్యి" అన్నాడు నాన్న. లోపలికి వెళ్ళాక, తలుపు వెనకనుంచి, "మందపు రకం. మూలిగింది" అన్నాడు.

లోకం మీద కోపంతో నేను గడ్డం పెంచుతున్న రోజులవి. ఉద్యోగం ఇవ్వనివాళ్ళ మీద పగ అంతా ఆ గడ్డంలోనే దాచుకున్నాను. చివరికి పక్క ఊళ్ళో ఒక ప్రెస్సులో పని దొరికింది. వెళ్ళే ముందు ఆ పగనంతా తీసుకెళ్ళి ఇనుప కుర్చీలో కూర్చోబెట్టాను. మావయ్య బయట డాక్టరుగారితో పోట్లాడుతున్నాడు. తాత నా మొహానికి నురుగు రాసి, చెవి దగ్గరకి వంగాడు.

"కదలకు బాబూ. నా చెయ్యి వణుకుతుంది."

నేను ఉలిక్కిపడ్డాను. "తాతా, మీకు తెలుసా?"

"నా చెయ్యి నాకు తెలియదా? మీ మావయ్య కత్తిని తిడతాడు. అతనంత కష్టపడుతుంటే కాదనడం బాగుండదని నేనూ నాలుగు తిడతాను." కత్తి నా దవడ మీద ఆనింది. చురుక్కుమంది. తాత గొంతు పెంచి, బయటికి వినపడేలా, "ఛీ ఛీ! ఇదేం కత్తి బాబూ, ఎక్కడ దొరికిందీ?" అన్నాడు.

"నేను చెప్పలా!" అని బయటినుంచి మావయ్య ఉత్సాహంగా కేకేశాడు.

ఆయనకి నేను చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు.

మావయ్యని ఆఖరుసారి చూసింది బస్టాండులో. మొదటి జీతంతో ఆయనకొక కానుక కొని, సెలవు రోజున వచ్చి, తిరిగి వెళ్ళే బస్సెక్కబోతూ ఇచ్చాను. పేవ్‌మెంటు మీద అమ్మేవాడి దగ్గర గంటసేపు బేరమాడి కొన్న కత్తి. ఏదో రాజుగారి సొంత కత్తని, దంతపు పిడి అని, ఇంకెక్కడా దొరకదని వాడు ప్రమాణం చేశాడు. ముద్ర కూడా ఉంది, కిరీటం పెట్టుకున్న సింహం. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, నన్ను ఎవడు మోసం చేస్తాడన్న ధీమాతో తెచ్చాను.

మావయ్య దవడ మీది కాగితాన్ని ఒక వేలితో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కత్తి తెరిచాడు. గోటితో మీటాడు. టింగ్ లేదు, మూలుగూ లేదు. రేకు డబ్బా మీద తట్టినట్టు టప్పుమంది. పిడిని పంట్లాం మీద రుద్ది వాసన చూశాడు. మొహం చిట్లించాడు. సింహాన్ని గోటితో గీకితే కిరీటం ఊడొచ్చింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి, "ఎలా ఉంది మావయ్యా?" అన్నాను.

ఆయన కత్తి మడిచి, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. కాగితం ముక్కల మధ్య మొహం వెలిగిపోతోంది.

"ఇంత దరిద్రపు కత్తి నా జన్మలో చూళ్ళేదురా! దీని మీద ఎంత తప్పైనా వేసెయ్యొచ్చు."